మంచు కోటకు ఆరు బకెట్లు

మాగ్డెబర్గ్‌లో మా తెలుగు కుటుంబాలు ఎప్పుడు కూడినా నన్ను ఒక కథ చెప్పమంటారు. పన్నెండేళ్ళుగా చెబుతున్నాను. ఆరేళ్ళ నా కూతురు ఇంటి వెనక పెరట్లో మంచు కోట కట్టి, దానికి నీళ్ళు పోసి, కింది అంతస్తు జర్మన్ ముసలావిడను జారి పడేలా చేసిన కథ. నేను బాగా చెబుతాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి గ్లాసు అందుకోవాలో నాకు తెలుసు. ముసలావిడ పడే చోట అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొడతాను. బిర్యానీ ప్లేట్లు గలగలమంటాయి. అందరూ నవ్వుతారు.

ఈ ఏడు మా తెలుగు సంఘం వాళ్ళు సంచిక వేస్తున్నారు. ఆ కథనే రెండు పేజీల్లో సరదాగా రాసిమ్మన్నారు. సరేనన్నాను. సరదా సంగతి నాకు తెలియదు. ఆ కథ మాత్రం అబద్ధం. నీళ్ళు పోసింది నేను.

మేము అప్పుడు ఉన్నది, ఇప్పటికీ ఉంటున్నది, మూడంతస్తుల పాత ఇల్లు. ఆరు వాటాలు. వెనక ఒక పెరడు, దాని మధ్య నుంచి చెత్తడబ్బాల దాకా సిమెంటు బాట. ఈ ఇంట్లో ఒక చెక్క పలక ఉంటుంది. వారానికో వాటా వంతున తలుపు పిడికి తగిలిస్తారు. పలక ఎవరి తలుపుకుంటే ఆ వారం మెట్లు ఊడ్చడం, మంచు పడితే పొద్దున్నే బాట మీద మంచు ఎత్తి, ఎవరూ జారకుండా సన్న కంకర చల్లడం వాళ్ళ పని. ఆదివారం రాత్రి పలకను పక్క తలుపుకు మార్చాలి.

ఆ పలకంటే నాకు ఒళ్ళు మంట. పెద్ద చదువుల వాళ్ళకిచ్చే బ్లూ కార్డు వీసా మీద వచ్చినవాణ్ణి, ఆఫీసులో ఎనిమిది మందికి పని చెప్పేవాణ్ణి, నా తలుపుకు పలక తగిలించి మెట్లు ఊడ్వమంటారా అనుకునేవాణ్ణి. మా వంతు వస్తే పలకను తీసి చెప్పుల స్టాండులో పడేసేవాణ్ణి. మెట్లు నా భార్య ఊడ్చేది. ఆ మాట మిత్రులకు ఎన్నడూ చెప్పలేదు. జర్మన్లకు పని లేక నియమాలు రాసుకుంటారని మాత్రం అందరికీ చెప్పేవాణ్ణి.

కింది వాటాలో ఉండే ఆవిడకు అప్పటికి అరవై ఆరేళ్ళు. ఒంటరి మనిషి. యంత్రాల కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరైంది. ముప్పై ఏళ్ళు టన్నుల కొద్దీ ఇనుమును తలల మీదుగా ఎవరికీ తగలకుండా దించిన మనిషి. నేను ఆవిడ ముందు మంచు గురించి ఇంజనీరింగ్ మాట్లాడాను. అది తరవాత చెబుతాను.

ఫిబ్రవరిలో మంచు పడింది. రెండు రోజులు ఆగకుండా పడింది. ఆ వారం పలక వంతు మాదే. శనివారం నా కూతురు కిటికీకి ముక్కు ఆనించి, పెరట్లో కోట కట్టుకుందామంది. పార పట్టుకుని దిగాను. బాట మీది మంచు ఎత్తి పెరట్లో పోశాను. కింద ఆవిడ కిటికీలోంచి చూసి, నేను పలక పని చేస్తున్నాననుకుని చెయ్యి ఊపింది. ఆ మెప్పును కూడా ఉచితంగా తీసుకున్నాను.

కాసేపటికి ఆవిడ బయటికి వచ్చి నా కూతురికి రెండు రేకు డబ్బాలిచ్చింది. రొట్టె కాల్చే పొడుగు డబ్బాలు. మంచును వాటిలో కూరి బోర్లిస్తే చక్కని ఇటుక వస్తుందని చూపించింది. పిల్ల ఆవిడను ఓమా అంటుంది. ఇక్కడ అమ్మమ్మనీ నానమ్మనీ అలాగే పిలుస్తారు. ఇద్దరూ కలిసి మొదటి వరుస పేర్చారు. అక్కడ నేను కల్పించుకున్నాను.

"అట్ల కాదు బిడ్డా. జాయింటు మీద జాయింటు రావద్దు."

"ఎందుకు?"

"గోడ పగుల్తది."

"ఇది మంచు కద డాడీ!"

"మంచైతేంది, గోడ గోడే."

పేర్చిన వరుసను ఊడదీయించి మళ్ళీ పేర్పించాను. ఆవిడకు నా వచ్చీరాని జర్మన్‌లో బరువు ఎలా కిందికి దిగుతుందో వివరించాను. ఆవిడ విని, తల ఊపి, చలేస్తోందని లోపలికి వెళ్ళింది. చలికి వెళ్ళిందని నమ్మాను.

మధ్యాహ్నానికి కోట నా కూతురి భుజాల ఎత్తుకు లేచింది. ఒక గుమ్మం, రెండు కిటికీలు, పైన నా భార్య పాత నారింజ చున్నీ ముక్కతో జెండా. పిల్ల తన చిన్న ప్లాస్టిక్ క్యాన్‌తో, బాల్కనీ మొక్కలకు నీళ్ళు పోసే దానితో, గుమ్మం మీద నీళ్ళు చల్లింది. ఎందుకంటే, నేను చెప్పాను గనక.

హనుమకొండలో మేము ఇల్లు కట్టుకునేటప్పుడు నేను ఏడో తరగతి. కొత్త గోడలకు పొద్దున, సాయంత్రం నీళ్ళు పట్టడం నా పని. ఇరవై రోజులు పైపు పట్టుకుని తడిపాను. నా జీవితంలో చేతులతో చేసిన నిర్మాణం అదొక్కటే. అది చాలు, నేను తాపీమేస్త్రీనని నా నమ్మకం. ఇక్కడ మంచు ఇటుకలను చూడగానే ఆ నమ్మకం లేచి కూర్చుంది. కట్టిన గోడకు నీళ్ళు పట్టకపోతే ఎలా? నాకు తెలిసి జర్మనీలో ఎవరూ పిల్లల మంచు కోటకు క్యూరింగ్ చేయరు. నేను చేశాను.

పిల్ల క్యాన్‌లో పట్టేది లీటరు నీళ్ళు. ఆమె ఒకసారి చల్లి, చేతులు గడ్డకట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత నేను సెల్లార్‌లో బట్టలుతికే గది నుంచి బకెట్లతో మోశాను. ఆరు బకెట్లు. ఒక్కొక్క బకెట్ పోసి, గోడ మెరుస్తుంటే వెనక్కి జరిగి చూసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరకు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. "ఓరుగల్లు కోట దిగింది అన్నా!" అని ఒకరు రాశారు. "సివిల్ చదవాల్సింది నువ్వు" అని ఇంకొకరు. ఆ మాటలు చదువుతూ టీ తాగాను. పెరడు చెత్తడబ్బాల వైపు వాలి ఉంటుందని మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. పోసిన నీళ్ళలో సగం బాట మీదికి జారాయని చూడలేదు. చూడటానికి వంగాలి. నేను ఫొటో తీసుకుంటున్నాను. కంకర చల్లడం సంగతి అసలు గుర్తే లేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఆవిడ కూరగాయల తొక్కలు పారేయడానికి డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది.

నా భార్య కేక వేస్తే దిగాను. ఆవిడ బాట మీద కూర్చుని ఉంది. బంగాళాదుంప తొక్కలు ఐసు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక చేత్తో రెండో చేతి మణికట్టును పట్టుకుని, అంబులెన్స్ వాళ్ళు ఇటు రాబోతుంటే, ఆగండి, ముందు కంకర చల్లుకోండి, పెట్టె అదిగో అక్కడ ఉంది అని వాళ్ళకు దారి చెబుతోంది. పడిన మనిషి చేస్తున్న పని అది. నా పని.

పై అంతస్తు ఆయన కిందికి వచ్చి బాట మీద బూటుతో గీరి చూశాడు. మంచు కాదు, అద్దంలాంటి ఐసు. అందరి వైపూ తిరిగి, ఇక్కడ నీళ్ళెవరు పోశారని అడిగాడు. మామూలుగా అడిగాడు. గొంతు కూడా పెంచలేదు.

"మా అమ్మాయి" అన్నాను. "నిన్న ఆడుకుంటూ పోసింది. చిన్నపిల్ల."

ఎవరూ నాకు నేర్పలేదు. ఎవరూ బెదిరించలేదు. అడిగిన మరుక్షణం నోట్లోంచి తయారుగా వచ్చింది, ఎప్పట్నుంచో అక్కడే పెట్టుకున్నట్టు. వెనక్కి తిరిగితే మెట్ల దగ్గర నా కూతురు నిలబడి ఉంది. రాత్రి దుస్తుల మీద కోటు, కాళ్ళకు బూట్లు. జర్మన్ నాకంటే ఆమెకే బాగా వచ్చు. అంతా అర్థమైంది.

ఇంట్లోకి వచ్చాక నా భార్య తలుపు వేసి అడిగింది.

"బకెట్లు మోసింది నువ్వు కద?"

"మెల్లగ మాట్లాడు."

"పొల్ల పేరెందుకు చెప్పినవ్?"

"వచ్చే నెల పర్మనెంట్ రెసిడెన్స్ టెర్మిన్ ఉంది. ఇప్పుడు పోలీసు కేసైతే ఫైలు పక్కకు పెడ్తరు. నీకర్థమైతలేదు."

"నాకర్థమైతుంది" అంది.

నాకంటే ముందు వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అన్నకు ఫోన్ చేశాను. చట్టాలన్నీ తెలిసినవాడని మా వాళ్ళలో పేరు.

"పొల్లకెన్నేండ్లు తమ్మీ?"

"ఆరు."

"ఇంకేంది! ఏడేండ్ల లోపు పిల్లల్ని ఈడ ఎవ్వడేమనడు. ముసల్దానికి ఇన్సూరెన్స్ ఉంటది. నువ్వు మంచి పని చేసినవ్. గదే మాట మీదుండు."

ఉన్నాను. ఇల్లు చూసుకునే ఆఫీసు నుంచి ఏం జరిగిందని ఉత్తరం వస్తే, మర్యాదగా, తేదీ వేసి, సంతకం పెట్టి అదే రాశాను. మరుసటి నెల టెర్మిన్‌లో, అంటే వీసా ఆఫీసు వాళ్ళిచ్చిన అపాయింట్‌మెంట్‌లో, ఆఫీసరమ్మ నా కాగితాలు తిరగేసి పది నిమిషాల్లో పంపించేసింది. మంచు గురించి ఏమీ అడగలేదు. అడుగుతుందని ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

కాని నా అసలు నేరం ఇవేవీ కావు. ఆ ఆదివారం సాయంత్రం నా కూతురు నా దగ్గరికి వచ్చి, ఆ చిన్న క్యాన్‌ను చూపించి అడిగింది.

"డాడీ, ఇందుల నీళ్ళతోనేనా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆఫీసు లేదు, పోలీసు లేదు, టెర్మిన్ లేదు.

"కొంచెం నీళ్ళైనా ఐసైతది బిడ్డా" అన్నాను.

మరునాడు ఆవిడ చేతికి కట్టుతో ఇంటికి వచ్చింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. క్షమించమని కార్డు రాసి ఇస్తే బాగుంటుందని నేనే సలహా ఇచ్చాను. నేనే వాక్యం చెప్పాను, పిల్ల రాసింది. నీళ్ళు పోసినందుకు క్షమించు ఓమా అని. పక్కన కోట బొమ్మ వేసి, జెండాకు నారింజ రంగు పూసింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ కార్డు చదివి, వంగి, ఇది చలి చేసిన పని, నువ్వు చేసింది కోట మాత్రమే, కోట చాలా బాగుంది అంది. పిల్ల నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? వేరేలా చెప్పింది తండ్రి కదా.

నాలుగో రోజుకు ఎండ వచ్చింది. ఊరంతా మంచు కరిగింది. మా కోట కరగలేదు. ఆరు బకెట్ల నీళ్ళు తాగిన గోడ అది. పచ్చిగడ్డి మధ్య బూడిదరంగు ఐసు ముద్దలా మూడు వారాలు నిలబడింది. వంటింటి కిటికీలోంచి కనబడేది. ఒకరోజు సుత్తి పట్టుకుని దిగాను. రెండు దెబ్బలకు చెయ్యి జివ్వుమంది, కోట నుంచి పెంకంత ముక్క లేచింది. పై అంతస్తు ఆయన కిటికీ తెరవగానే సుత్తి కోటు కింద దాచుకుని వచ్చేశాను. నా జీవితంలో నేను బాగా కట్టినది ఏదైనా ఉంటే అదే.

కథగా చెప్పడం ఆ వేసవిలో మొదలుపెట్టాను. ఒక పుట్టినరోజు విందులో ఎవరో కోట సంగతి అడిగారు. మొదటిసారి భయపడుతూ చెప్పాను. నవ్వారు. రెండోసారి బంగాళాదుంప తొక్కలు కలిపాను. మూడోసారికి ఆవిడ అంబులెన్స్ వాళ్ళకు దారి చెప్పిన విధం అనుకరించి చూపించాను. "ఏం పిల్లనయ్యా నీది, ఆరేండ్లకే తెల్లోల్లను పడగొట్టింది!" అనేవాళ్ళు. నా కూతురు పక్క గదిలో ఉండేది. నా భార్య కథ మొదలవగానే లేచి వంటింట్లోకి వెళ్ళేది. ప్రతిసారీ వెళ్ళేది. ఆమె పెరుగు తేవడానికి వెళ్ళిందని అనుకునేవాణ్ణి. పన్నెండేళ్ళలో అంత పెరుగు ఎవరు తింటారు?

నా కూతురు మళ్ళీ మంచులో ఆడలేదు. ఎనిమిదేళ్ళు వచ్చాక ఒక శీతాకాలపు పొద్దున లేచి చూస్తే మంచం మీద లేదు. కిటికీలోంచి చూస్తే కింద ఉంది. కంకర బకెట్‌ను రెండు చేతులా పట్టుకుని ఓమా తలుపు నుంచి చెత్తడబ్బాల దాకా చల్లుతోంది. పలక ఆ వారం మా తలుపుకు లేదు. అయినా చల్లింది. అప్పట్నుంచి మంచు పడిన ప్రతిరోజూ ఆరింటికి దిగేది, బడికి వెళ్ళే ముందు. పరీక్షలున్నా దిగేది. నేను దుప్పట్లోంచి ఆ పార చప్పుడు వినేవాణ్ణి. ఈ దేశం పిల్లకు క్రమశిక్షణ నేర్పిందని మిత్రులకు చెప్పేవాణ్ణి.

మొన్న సెప్టెంబరులో ఆమెకు హైడెల్‌బర్గ్‌లో సీటు వచ్చింది. వెళ్ళే ముందురోజు ఓమాకు చెప్పి రావడానికి బయలుదేరింది. నా భార్య నా చొక్కా తెచ్చి సోఫా మీద పెట్టింది.

"నువ్వు గూడ పో."

"నేనెందుకు?"

"ఈసారన్న పో" అంది.

ఆవిడ వంటింట్లో కూర్చున్నాం. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నిటారుగా కూర్చుని కాఫీ పోసింది. పోసేటప్పుడు ఆ చెయ్యి పూర్తిగా తిరగదు, మోచేతితో సహా వంచి పోస్తుంది. నేను అది పన్నెండేళ్ళలో మొదటిసారి చూశాను, ఎందుకంటే ఆ ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. గోడ మీద క్యాలెండర్ పక్కన ఆ కార్డు ఉంది. నారింజ జెండా వెలిసి పసుపైంది.

నా కూతురు జర్మన్‌లో, నేను అందుకోలేనంత వేగంగా కాక, నెమ్మదిగా మాట్లాడింది. శీతాకాలంలో తాను ఉండదు గనక కంకర ఎవరు చల్లాలో పై అంతస్తు వాళ్ళతో మాట్లాడి పెట్టానంది. తరవాత, "నేను మరిచిపోలేదు ఓమా" అంది. "ఎప్పుడూ మరిచిపోలేదు." మళ్ళీ క్షమించమని అడిగింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఒక లీటరు క్యాన్ కోసం.

"ఆ నీళ్ళు నేను పోశాను" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. జర్మన్‌లో ఆ వాక్యం చాలా చిన్నది. అంత చిన్నదని తెలిసి సిగ్గేసింది.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఎన్ని?"

"ఆరు బకెట్లు."

"సెల్లార్ నుంచా?"

"అవును."

"ఆ వారం పలక ఎవరిది?"

"మాది. కంకర చల్లలేదు."

క్రేన్ నడిపిన మనిషి. బరువెంత, ఎక్కడి నుంచి ఎక్కడికి, కింద ఎవరున్నారు, అంతే అడిగింది. తరవాత నన్ను వదిలేసి నా కూతురి వైపు తిరిగింది. "ఆ కార్డు తియ్యి" అంది. "అది నీది కాదు."

నా కూతురు లేచి, పిన్ను తీసి, కార్డును నా ముందు బల్ల మీద పెట్టింది. ఆవిడ నాతో, "కాఫీ తాగి వెళ్ళండి" అంది. వెళ్ళండి అన్న మాటను కాఫీ తాగండి కంటే స్పష్టంగా పలికింది.

మెట్ల మీద నా కూతురు ఆగింది. ఎప్పుడూ నాకు జర్మన్‌లోనో ఇంగ్లిష్‌లోనో జవాబిచ్చే పిల్ల తెలుగులో మాట్లాడింది. నాకు తప్పించుకునే వీలు లేకుండా.

"ఆరింటికి లేచేదాన్ని డాడీ. నువ్వు చూసేటోనివి."

"చూసేటోణ్ణి."

"అందరు నవ్వుతుంటే గూడ చూసేటోనివి."

ఏమంటాను? టెర్మిన్ ఉండె అన్నాను. నిజంగా అన్నాను, పన్నెండేళ్ళ తరవాత, ఆ మెట్ల మీద. ఆమె నవ్వింది. ఆ నవ్వు నేను విందుల్లో తెప్పించిన నవ్వుల్లాంటిది కాదు.

మరునాడు స్టేషన్‌కు తల్లితో వెళ్ళింది. ఇప్పుడు తల్లికే ఫోన్ చేస్తుంది. ఆదివారాలు ఆ మాటలు వంటింట్లోంచి వినబడతాయి, నేను హాల్లో కూర్చుని ఉంటాను. సంచిక సంగతి నా భార్య చెప్పినట్టుంది. గత వారం ఫోన్ స్పీకర్‌లో పెట్టి నన్ను పిలిచింది.

"రాస్తున్నవంట" అంది నా కూతురు.

"అదే అడిగిన్రు, కోట కథ."

"ఎక్కడ నవ్వించినవో అక్కడనే చెప్పు. తెలుగులనే రాయి. నాకు చదవరాదు, మమ్మీ చదివి వినిపిస్తది. తీసేసింది ఏమన్న ఉంటే మమ్మీకి తెలుస్తది."

"సరే బిడ్డా."

"ఫన్నీగ రాయకు."

అందుకే రాశాను. రాసింది చదువుకుంటే అక్కడక్కడా పాత అలవాటు కనబడుతోంది. తొక్కల దగ్గర, సుత్తి దగ్గర. కొట్టేద్దామనుకుని ఉంచాను. కొట్టేస్తే నా భార్యకు తెలుస్తుంది.

నవ్వినవాళ్ళను నేను ఏమీ అనను. వాళ్ళకు నేను అమ్మింది అబద్ధం, వాళ్ళు నవ్వింది దానికి. కాని ఇది చదివి, పోనీలే, ఇప్పుడన్నా చెప్పాడు, పెద్దమనసు అని ఎవరైనా గ్రూపులో రాస్తే, దయచేసి తీసేయండి. అలాంటి మెప్పు ఒకటి ఇదివరకే ఓరుగల్లు కోట పేరుతో తీసుకున్నాను.

పలక ఈ వారం మా తలుపుకు ఉంది. చెప్పుల స్టాండులో కాదు, పిడికే ఉంది. నిన్న మంచు పడింది. ఆరింటికి దిగి బాట ఎత్తి కంకర చల్లాను. ఓమా కిటికీ పరదా తీసి చూసింది. చెయ్యి ఊపలేదు. బాట మధ్యలో ఒకచోట చల్లడం మరిచాను. ఆవిడ ఆ చోటును వేలితో చూపించి పరదా వేసుకుంది.

వెనక్కి వెళ్ళి చల్లాను.